కిళక్కేతిల్ వారి సంచి

విలాసిని మూడో కవరును ముక్కు దగ్గరకు తీసుకుని, కళ్ళు మూసుకుని, తంబూరా శ్రుతి సరిచూసే విద్వాంసురాలిలా కాసేపు నిశ్చలంగా ఉండిపోయింది. తరువాత కళ్ళు తెరిచి తీర్పు వెలువరించింది.

“చేపల పులుసు. నిన్నటిది కూడా కాదు, మొన్నటిది.”

గడపలో నిలబడిన ప్రసన్నకుమారి రెండు చేతులూ బుగ్గలకు చేర్చుకుంది. “అయ్యో చేచీ! సబ్బు పెట్టి మరీ కడిగానే! తీగ మీద ఆరేస్తుంటే మా ఆయన నవ్వాడు కూడా, నా చొక్కాలకన్నా పాలకవర్లకే ఎక్కువ మర్యాద చేస్తున్నావని.”

“ఆ మర్యాద పైనున్న వాటికే జరిగింది. చూడు, ఇవి గలగలమంటున్నాయి. మధ్యలోవి నోరు మెదపడం లేదు. తడి కవరు మాట్లాడదు ప్రసన్నా. ఆ సంగతి నీకూ తెలుసు, అందుకే మధ్యలో దాచావు.”

“దాచానా! వినేవాళ్ళు బంగారమనుకుంటారు.”

“బంగారమైతే నాకెందుకు, నువ్వే పెట్టుకో. ఈ మూడూ కడిగి వచ్చే నెల ఇయ్యి.”

నెలకొకసారి ప్రతి ఇల్లూ తన పాలకవర్లనూ బిస్కెట్టు పొట్లాలనూ కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి, పడవలో వచ్చే ఆకుపచ్చ కోటు ఆడవాళ్ళకు అప్పగించాలన్నది ఆ పంచాయతీ ధర్మశాస్త్రం. ఆ శాస్త్రంలో సూత్రాలు రెండే: శుభ్రంగా, పొడిగా. వాటిపై భాష్యం చెప్పే అధికారం మాత్రం విలాసిని ముక్కుకు దఖలుపడింది. ఊరంతా అక్క అన్నట్టు చేచీ అని పిలిచే సన్నని మనిషి. పంచాయతీవారు ఎవరో భారీ దేహాన్ని ఊహించుకుని కుట్టించిన కోటులో ఆమె గుడారంలో సేనానిలా కనిపించేది. యౌవనమంతా రొయ్యల షెడ్డులో ఐసునీళ్ళలో చేతులు పెట్టి పెంకులు ఒలిచినందువల్ల వేళ్ళ కొసలు ఇప్పటికీ నానిన బియ్యపుగింజల్లా తెల్లగా ఉంటాయి. తూకం రాయి కింద మైనం అంటించే కాంట్రాక్టరు చేతి కింద అన్నేళ్ళు పనిచేసిన మనిషికి లోకంలో దేనినైనా ఒకసారి ఎత్తి, ఊపి, వాసన చూసి గాని నమ్మకూడదన్న వేదాంతం సహజంగానే అబ్బింది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా వండిన అన్నాన్ని ఓసారి అనుమానంగా చూసి గాని వడ్డించుకునేది కాదని గిట్టనివాళ్ళు చెప్పుకునేవారు.

“అది సరే గానీ,” ప్రసన్న గొంతు తగ్గించి, మెట్ల దగ్గర కట్టేసిన పడవ వైపు మెడ సాచింది. “అదేనా ఆ సంచి? పొద్దున్నే ఫోన్లో ఫొటో చూశాం. కిళక్కేతిల్ అన్న పేరు ఎంత స్పష్టంగా ఉందో! లోపలేముంది చేచీ?”

“సాయంత్రం మన ఆడవాళ్ళ సంఘంలో తేలుతుంది.”

“నాకొక్కదానికే చెప్పు.”

“నీకొక్కదానికి చెబితే సాయంత్రం సంఘమెందుకు?”

ఆ సంచి తెల్లవారగానే దొరికింది. కాలువ మొగలో, గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చోట, తెడ్డుకు ఏదో మెత్తగా తగిలింది. ఆ మొగలో ప్రతి నెలా నల్లకవర్లు దొరుకుతూనే ఉంటాయి. వాటి మీద పేరుండదు, ఊరుండదు. ఎవరి పాపమో తెలియని ఆ మూటల ముందు విలాసిని ఎన్ని ఉదయాలు నిస్సహాయంగా నిలబడిందో లెక్కలేదు. ఈసారి తేలినది నల్లకవరు కాదు. ముతకగుడ్డతో కుట్టిన సంచి. దాని మీద నీలం రంగుతో, ముద్రాపకుడు సైతం అసూయపడేంత గుండ్రని అక్షరాలతో ఇంటిపేరు రాసి ఉంది. ఎవరి పేరు బయటపడితే చెత్త వారిదే. ఇది ఆ వార్డులో ఎవరూ రాయని, ఎవరూ కాదనని న్యాయసూత్రం. ఒకసారి కరెంటు బిల్లుతో, ఒకసారి పెళ్ళిపిలుపుతో ఇద్దరు గృహస్థులు అలాగే చిక్కారు. అంగన్‌వాడీ గోడ మీద నోటీసు అంటించారు. ఆ ఇంటివాళ్ళు ఆ పక్క పడవ దిగడం కూడా మానేశారు.

పడవ నడిపే షీజ ముక్కు మూసుకుని మొహం అటు తిప్పుకుంది గనుక సంచి మూతి విప్పి లోపల చూసినది విలాసిని ఒక్కతే. చూసి, మళ్ళీ బిగించి కట్టింది. పెద్దవాళ్ళకు కట్టే డైపర్లు. నీళ్ళు పీల్చి బరువెక్కి ఉన్నాయి.

వాటిని పంచాయతీ తీసుకోదు. రెండు సూత్రాలలో ఏ ఒక్కదానికీ అవి లొంగవు.

షీజ ఆలోపే ఫొటో తీసి వార్డు వాట్సాప్ గుంపులో పెట్టేసింది. “నాలుగేళ్ళుగా ఆవిడ మీద అంటూనే ఉన్నావు చేచీ. ఇవాళ నీ జాతకం బాగుంది.”

బాగుందనే విలాసిని కూడా అనుకుంది. కిళక్కేతిల్ అంటే భార్గవి ఇల్లు, అది విలాసిని వృత్తికే ఒక అవమానం. కోటు తొడుక్కున్న మొదటి నెల నుంచీ ఆ ఇంటి మెట్ల దగ్గర పడవ ఆపినప్పుడల్లా ఎనభై దాటిన ఆ ముసలమ్మ అరుగు మీద నుంచి ఒకటే మాట చెప్పేది: “ఏమీ లేదు మోళే.” కూతుర్ని పిలిచినట్టు ఆప్యాయంగా పిలుస్తూనే ఖాళీ చేతులతో పంపేది. పాలకవరు లేని ఇల్లా? సబ్బు రేపరు లేని మనిషా? ఏమీ లేదన్నవాళ్ళ దగ్గరే ఏదో ఉంటుందని రొయ్యల షెడ్డు నేర్పిన పాఠం. పెరట్లో కాలుస్తోందేమోనని విలాసిని పొగ కోసం చూసింది, కనపడలేదు. పాతిపెడుతోందేమో అనుకోవడానికి లేదు. ఆ గట్టు మీద జానెడు తవ్వితే నీళ్ళు ఊరతాయి. కనుక కాలువలోకే వదులుతోంది. ఇంతకాలం సాక్ష్యం లేదు. ఇప్పుడుంది.

కాని సాక్ష్యం దొరికినకొద్దీ అనుమానం పెరగడం ఆమె స్వభావపు విశేషం. ఒంటరి ముసలమ్మ ఇంట్లో ఇన్ని డైపర్లా? ఎవరివి? పడవ సాగుతుండగా విలాసిని తన మనసులో ఒక మహాకుట్రను అంతస్తు మీద అంతస్తుగా నిర్మించింది. భార్గవి రహస్యంగా ఎవరో మంచం పట్టిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సాకుతోంది. పట్నంలోని డబ్బున్నవాళ్ళెవరో పెద్దదిక్కును ఇక్కడ పడేసి వెళ్ళారు. లేదా, ఇతర వార్డుల చెత్తను గుట్టుగా ఒప్పందం మీద తీసుకుని కాలువలోకి తోస్తోంది.

“షీజా, ఈ మధ్య ఆ ఇంటికి ఎవరైనా రావడం చూశావా?”

“మేనకోడలొచ్చింది రెండు వారాల కింద. పెద్ద అట్టపెట్టె దించింది.”

“పెట్టె ఎంత బరువుంది?”

“నేనేం మోశానా? నన్నెందుకలా చూస్తావు చేచీ, నా మీద కూడా అనుమానమేనా?”

“నీ మీదెందుకు ఉండకూడదు?” అని విలాసిని నిజాయితీగానే అడిగింది.

భార్గవి మీద అనుమానానికి ఈ నాలుగేళ్ళ కోటుకన్నా పాత మూలమొకటి ఉంది. అది షీజకు తెలియదు, వార్డులో ఎవరికీ తెలియదు. తెలియదన్న సంగతిని కూడా విలాసిని పూర్తిగా నమ్మలేదు.

భార్గవిది ఊరి మైలబట్టలు ఉతికే ఇల్లు. పురుడు వచ్చినా, ఆడపిల్ల పెద్దమనిషైనా, చావు మంచం మీద నుంచి దుప్పటి తీసినా అవి మూటగా ఆమె మెట్ల దగ్గరకే చేరేవి. తెల్లగా ఉతికి, ఇస్త్రీ చేసి ఆమె తెచ్చి ఇస్తేనే ఇంటికి శుద్ధి. పెళ్ళయిన మొదటి ఏడు విలాసిని అత్తగారు కోడలి కడుపు ఎప్పుడు పండుతుందా అని నెలలు లెక్కపెడుతూ కూర్చునేది. ఇంకా ఎవరికీ చెప్పని కడుపు మూడో నెలలో ఓ మధ్యాహ్నం నిలవకుండా పోయింది. అత్త కంటపడితే పుట్టింటి పడవ ఎక్కించేస్తుంది. విలాసిని దాన్ని మామూలు నెలసరి అని చెప్పి, బట్టల మూట కట్టి, తలుపు చాటు నుంచి భార్గవి చేతికి అందించింది. ఉతికే మనిషికి ఆ బట్ట ఏం చెబుతుందో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. మూడో రోజున మడతలు తెచ్చి ఇచ్చేటప్పుడు భార్గవి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. అంతే. ఆ ఒక్క క్షణం నుంచి విలాసిని ఎవరో ఒకరు ఎత్తిపొడుస్తారని ఎదురుచూడటం మొదలుపెట్టింది. రేవులో ఎవరైనా నవ్వితే అందుకేననుకుంది. అత్త పోయింది. కూతురు పుట్టింది, పెరిగి అవతలి ఒడ్డుకు కాపురానికి వెళ్ళింది. ఫెర్రీలో పనిచేసిన భర్త ఒకనాడు గుండెనొప్పితో పోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం చూసి భార్గవి ఇంకా దేనికోసమో దాచి ఉంచిందని అనుకుంది.

ఆ విధంగా, ముప్పై ఏళ్ళ కేసును విచారించబోతున్న న్యాయమూర్తి గాంభీర్యంతో ఆమె కిళక్కేతిల్ మెట్లెక్కింది. షీజ పడవలోనే ఫోను చూసుకుంటూ ఉండిపోయింది.

అరుగు మీద భార్గవి లేదు. “భార్గవి అమ్మా!” అని పిలిచింది. లోపల నుంచి, “ఏమీ లేదు మోళే,” అని సన్నగా వినపడింది.

“ఇవాళ ఉంది,” అంది విలాసిని, చెప్పులు విడిచి లోపలికి నడుస్తూ.

వంటింట్లో ముందు అడుగు పెట్టింది. సోదా చేయడానికి అక్కడ ఏమైనా ఉండాలి గదా. గోడకు ఆనించిన చెక్క మీద గాజుసీసాలు: ఒకదానిలో కొబ్బరినూనె, గానుగ నుంచి పోయించుకున్నది. ఇంకోదానిలో ఉప్పు. పక్కింటి మేకపాలకు మూతున్న స్టీలు గిన్నె. చేప తెచ్చిన చేమాకు కడిగి, ఎండబెట్టి, పొయ్యి రగిలించడానికి మూలన పేర్చి ఉంది. ప్రభుత్వాసుపత్రి వాళ్ళు మాత్రలు కట్టిచ్చిన కాగితపు పొట్లాలు కూడా నిలువునా మడిచి ఒక మేకుకు గుచ్చి ఉన్నాయి. విలాసిని పొయ్యి బూడిదను వేలితో కెలికింది. కరిగి గట్టిపడిన నల్లని ప్లాస్టిక్ బొట్టు ఒకటైనా దొరుకుతుందని వెతికింది. బూడిద బూడిదగానే ఉంది. ఆమె జీవితంలో ఇంత నిరాశ కలిగించిన వంటగది మరొకటి లేదు.

పక్కగది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది. మంచం మీద ఎవరూ లేరు. తలుపు వెనక చూసింది. మంచం కింద వంగి చూసింది.

“ఎవర్ని వెతుకుతున్నావు?” భార్గవి గోడ పట్టుకుని వెనక నిలబడి ఉంది. పాదాలు ఉబ్బి, అంచులు లేని రొట్టెల్లా ఉన్నాయి. ఒక్కొక్క మాటకూ ఊపిరి వెతుక్కుంటోంది.

“ఈ ఇంట్లో ఎవరున్నారో చెప్పండి.”

“నేనున్నాను.”

“మీరు కాక?”

“నేనే,” అంది భార్గవి.

విలాసిని వంగిన నడుము వంగినట్టే ఆగిపోయింది. అంతస్తు మీద అంతస్తుగా కట్టుకున్న కుట్ర అంతా ఆ ఒక్క మాటకు చప్పుడు లేకుండా కూలిపోయింది. పెరటి తలుపులోంచి తీగ కనిపించింది. దాని మీద పాత ముండు పంచెల్ని చింపి కుట్టిన మందపాటి పేలికలు వరుసగా ఆరుతున్నాయి. కొన్ని బాగా తెల్లగా ఉన్నాయి, కొన్ని సగమే ఉతికినట్టు పచ్చని మరకలతో ఉన్నాయి. ఊరి మరకలన్నీ పోగొట్టిన చేతులు చివరకు తమ మరకల దగ్గర ఓడిపోయినట్టున్నాయి.

భార్గవి నెమ్మదిగా మంచం మీద కూర్చుంది. “కాళ్ళలో నీరు పోవడానికి మాత్రలిచ్చారు. నీరు పోతోంది. ఎప్పుడు పోతోందో నాకు చెప్పి పోవడం లేదు.” నవ్వబోయి ఆయాసపడింది. “మొదట గుడ్డలు కట్టుకున్నాను. ఉతకడానికి మెట్లు దిగలేకపోతున్నాను. మేనకోడలు అవి తెచ్చిపెట్టింది. వాడిన తరువాత ఏం చెయ్యాలో అది చెప్పలేదు. దానికి మాత్రం ఏం తెలుసు, పట్నంలో గుమ్మం బయట పెడితే ఎవరో తీసుకుపోతారట.”

“మా చెవిన ఒక మాట వేస్తే...”

“వేస్తే తీసుకుంటారా?”

భార్గవి ఉబ్బిన పాదాలను ఒకదానివెంట ఒకటి మంచం మీదికి చేర్చుకుంది.

“అందుకే సంచిలో వేసి కట్టి, గట్టు మీద నుంచే నీళ్ళలోకి దొర్లించాను. మొన్న అమావాస్య. పెద్ద ఆటు వస్తుంది, నీళ్ళు లాక్కుపోయి సరస్సులో కలిపేస్తాయనుకున్నాను. తెల్లారేసరికి కనపడదనుకున్నాను.”

“ఉప్పునీరు రాకుండా కట్టిన కట్ట తలుపులు వేసి నెల దాటింది కదమ్మా. తలుపులు తీసేదాకా కాలువలో ఆటూ లేదు, పోటూ లేదు.”

“అదే మరిచాను,” అంది భార్గవి. చంద్రుణ్ణి చూసి నీటి నడక చెప్పగలిగిన తరానికి చంద్రుడి మీద కూడా తలుపులు వేసేశారన్న సంగతి గుర్తుండకపోవడంలో వింతలేదు.

“పోనీ, మీ ఇంటిపేరున్న సంచిలోనే వెయ్యాలా? ఏదైనా నల్లకవరులో...”

మాట పూర్తికాక ముందే జవాబు విలాసిని కళ్ళ ముందు నిలబడింది. ఆ ఇంట్లో నల్లకవరు ఎక్కడిది? గాలించి వచ్చింది గదా. వార్డు వార్డంతా పేరులేని కవర్ల చాటున తన చెత్తను నిర్భయంగా నీళ్ళకు అప్పగిస్తోంది. దొరికిపోవడానికి కావలసిన అర్హత, ఒక్క నల్లకవరైనా ఇంట్లో లేకపోవడం, ఈ మనిషి ఒక్కదానికే ఉంది.

“ఫొటో ఊరంతా చూసిందట. పాలమ్మాయి చెప్పింది.” భార్గవి మంచం కోడు పట్టుకుంది. ఆ చేతి మీద నీటిలో బతికిన మనుషుల చర్మపు ముడతలు. “పారేసింది నేనేనని చెప్పు. నోటీసు అంటించుకోనీ. లోపలేముందో మాత్రం చెప్పకు మోళే. ఎందరి గుడ్డలో ఉతికాను. ఎవరి గుడ్డలో ఏముందో నా నోటితో ఎవరికీ చెప్పలేదు.”

ఆమె విలాసిని మొహంలోకి చూడలేదు. తీగ వైపు చూస్తూ అంది. విలాసినికి మాత్రం ముప్పై ఏళ్ళ కిందటి ఆ ఒక్క క్షణం మళ్ళీ కళ్ళలో పడినట్టయింది. ఎవరూ ఎత్తిపొడవకపోవడానికి కారణం ఇంత చిన్నదా? చెప్పలేదు గనుక ఎవరికీ తెలియలేదు. దీన్ని నమ్మడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. అలవాటు లేని పని.

“వచ్చే నెల నుంచి అవి నాకివ్వండి,” అంది చివరకు. “పనికిరాని సరుకని మూటగట్టి పట్నంలో కాల్చే చోటికి లారీలో పంపుతాం. దాని మధ్యలో పెడతాను.”

“నిబంధన ఒప్పుకోదుగా?”

“నిబంధనకు ముక్కులేదు. ఉన్నది నాకు.”

భార్గవి నవ్వింది, ఈసారి ఆయాసం అడ్డం రాలేదు. “చాయ పెట్టనా?”

“కూర్చోండి. మీరు లేచేలోపు నేనే పెడతాను.” పెట్టింది. గాజుగ్లాసులో పోసి ఇచ్చే ముందు అలవాటుగా ఒకసారి వాసన చూసింది.

ఆ మధ్యాహ్నం సరుకు విడదీసే షెడ్డులో, షీజ అన్నానికి కూర్చున్న వేళ, విలాసిని గుడ్డసంచిలోని మూటను పట్నం లారీ ఎక్కే గోతం అడుగున పెట్టి, పైన చిరిగిన చెప్పులూ పగిలిన బకెట్టు ముక్కలూ నింపి, కుట్టేసింది. దొంగసరుకు పట్టుకోవడమే వ్రతంగా పెట్టుకున్న ఉద్యోగంలో అది ఆమె తొలి దొంగసరుకు. చేతులు మూడుసార్లు కడుక్కుంది. సంచిని ఉతికి, పిండి, చంకన పెట్టుకుని సంఘానికి వెళ్ళింది.

అంగన్‌వాడీ వరండాలో పొద్దువాలకముందే ఆడవాళ్ళంతా చేరారు. అంత హాజరు ఏ రుణమేళాకూ రాలేదు. వార్డు మెంబరు సజీవన్ ముండు అంచు సవరించుకుని లేచి, కాలువ మన తల్లి అనీ, తల్లి నోట్లో చెత్త వేసేవారికి క్షమాపణ లేదనీ ఒక పెద్ద ప్రసంగం చేశాడు. ఆయన ఇంటి వెనక తల్లి నోరు ఏ స్థితిలో ఉందో అందరికీ తెలుసు.

“పేరు దొరికింది. ఫొటో ఉంది. ఇంక నోటీసు రాయడమే. విలాసిని చేచీ, సాక్ష్యం చెప్పండి.”

విలాసిని లేచి సంచిని విప్పి రెండు చేతులతో పట్టుకుంది. నీలం అక్షరాలు తడికి మరింత నిగనిగలాడాయి.

“పేరున్నది నిజమే,” అంది. “పట్నం పడవలో వేసిన బట్టల మూటలు కలిసిపోకుండా ఆవిడ రాసుకున్న పేరు. ఇలాంటివి ఎన్ని కుట్టిందో ఆవిడకే లెక్క తెలియదు. మొన్న ఓణానికి మనందరికీ చేమదుంపలు వేటిలో పోసి ఇచ్చింది?”

విలాసిని సంచిని అందరికీ కనపడేలా ఇంకొంచెం పైకెత్తింది.

“తిన్నాక సంచి తిరిగిచ్చినవాళ్ళు చెయ్యెత్తండి.”

వరండాలో ఒక్క గాజు కూడా గలగలమనలేదు.

“నాదగ్గరొకటుంది. కోళ్ళగూడు మీద కప్పాను. ఇంకెవరింట్లో ఉంది?”

ప్రసన్నకుమారి ముందుగా తేరుకుంది. “మా దాన్ని మా ఆయన మెట్ల కింద కాళ్ళు తుడుచుకోడానికి వేశాడు. ఉంది! ఇప్పుడే తెచ్చి చూపించమంటావా?”

“నిన్నెవరడిగారు?”

“అడక్కపోయినా అలా చూస్తున్నారుగా!”

“మా సంచి చినిగితే మసిగుడ్డ చేశాను,” అంది ఇంకొకామె, ఎవరూ అడగకుండానే.

“మసిగుడ్డ మీద పేరు కనపడుతోందా?” అని వెనక నుంచి ఎవరో.

“ఏమే, నువ్వేమంటున్నావు?”

“నేనేమన్నాను? మీ రేవులో ఏం తేలుతోందో కూడా అనలేదు.”

“మా రేవు జోలికి వచ్చావంటే బాగుండదు!”

సజీవన్ చెయ్యెత్తి శాంతింపజేయబోయాడు. “మీ అమ్మగారు కూడా తీసుకున్నారు చేట్టా, రెండు సంచులు,” అని షీజ అన్నను పిలిచినంత మర్యాదగా, ఫోను మీద నుంచి తలెత్తకుండానే అంది. మెంబరు చెయ్యి అక్కడే ఆగి, తరువాత ముండు అంచు సవరించుకోవడానికి దిగింది.

“ఇంతకీ లోపలేముంది?” ప్రసన్న పట్టు విడవలేదు. “అది చెబితే ఎవరిదో తేలిపోతుంది గదా.”

వరండా అంతా విలాసిని వైపు తిరిగింది. ఈ ప్రశ్న కోసమే ఇంతమంది అన్నాలు త్వరగా వండి వచ్చారు. నాలుగేళ్ళుగా ఇతరుల కవర్ల మధ్య దాచినవాటిని పైకి తీసి నలుగురికీ చూపించిన మనిషి సంచిని మడిచి చంకన పెట్టుకుంది.

“చేపల చెత్త,” అంది. “పురుగులు పట్టింది. పొద్దుట్నుంచీ నా చేతి కంపు పోలేదు. ఇదిగో, చూస్తావా?” చెయ్యి ప్రసన్న ముక్కు మీదికి చాచింది.

“ఛీ, తియ్యి చేచీ!” ప్రసన్న వెనక్కి పడబోయింది. నవ్వులు లేచాయి. విలాసిని ముక్కును కాదనే సాహసం ఆ వార్డులో ఎవరికీ లేదు.

ఇకమీదట పేరొక్కటే చూసి నోటీసు అంటించరాదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ ఏకగ్రీవానికి కారణం ప్రతి ఇంట్లోనూ ఉన్న ఒక నీలం అక్షరాల సంచి. ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ, చూపు కలిస్తే నవ్వుతూ, అందరూ ఎవరి పడవలు వాళ్ళు ఎక్కారు. ఆ సాయంత్రం కాలువకు రెండు పక్కలా సంచుల కోసం పెరళ్ళు గాలించే చప్పుళ్ళు చాలాసేపు వినిపించాయి.

విలాసిని ఒక్కతే పడవ తోసుకుంటూ కిళక్కేతిల్ వైపు వెళ్ళింది. ఆకాశం ఇంకా వెలుతురుగానే ఉంది. నిలబడిపోయిన నీళ్ళలో కొబ్బరిచెట్లు తలకిందులుగా కదలకుండా ఉన్నాయి.

“భార్గవి అమ్మా! పని అయిపోయింది. ఎవరికీ తెలియదు.”

ఏమీ లేదన్న మాట వస్తుందని ఆగింది. రాలేదు.

లోపల భార్గవి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తాగిన గాజుగ్లాసు కడిగి బోర్లించి ఉంది. విలాసిని భుజం మీద చెయ్యి వేసింది. తరువాత ముక్కు దగ్గర వేలు పెట్టింది. నమ్మలేదు. వంగి చెంప ఆనించి చూసింది. మరోసారి చూసింది. ఎంత అనుమానించినా ఒక్క ఊపిరైనా తేలలేదు. నిద్ర పట్టిన మనిషి మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది. విలాసిని పెరట్లోకి వెళ్ళి తీగ మీది పేలికలన్నీ తీసి, మరకలున్నవాటిని లోపలికి వచ్చేలా మడిచి, పెట్టెలో బాగా అడుగున పెట్టింది. అప్పుడు గాని మేనకోడలికి ఫోను చెయ్యలేదు.

మనుషుల్ని పిలుచుకు రావడానికి బయటికి వచ్చినప్పుడు అరుగు చివర ఏదో తళుక్కుమంది. వచ్చేటప్పుడు తొందరలో చూసుకోలేదు. వంగి చూసింది.

డైపర్ల పొట్లపు పైకవరు. కొత్త గుడ్డలా ఉతికి, ఎండలో పొడిగా ఆరబెట్టి, మూలకు మూల కలిపి నాలుగు మడతలు పెట్టి, గాలికి ఎగిరిపోకుండా పైన ఒక గులకరాయి ఉంచి ఉంది.